పెద్దమ్మ కోసం కట్టిన చక్రాల గది

నా చిన్నప్పుడు, భిలాయిలో మేముండే రుఆబాంధా క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో మా పెదనాన్న ఒక చిన్న గది కట్టాడు. దానికి రెండు చక్రాలుండేవి. ఎవరో కాంట్రాక్టరు సామాన్లు మోయించి మోయించి వదిలేసిన జీపు ట్రైలర్ అది. పెదనాన్న ఉక్కు ప్లాంటులో వెల్డరు. డ్యూటీ దిగి వచ్చి, టీ తాగి, చీకటి పడేదాకా దాని దగ్గరే ఉండేవాడు. ఇనప చట్రం నిలబెట్టాడు. పైన రేకు వేసి, ఎండ దిగకుండా దాని కింద గోనెపట్టాలు పరిచి ప్లైవుడ్డు కొట్టాడు. గతుకులు తగలకుండా కింద కమాను స్ప్రింగులు మార్చాడు.

అదంతా మా పెద్దమ్మ కోసం. వెన్నుజబ్బు చేసి ఆవిడ ఏడాదిగా మంచం మీదే ఉంది. కూర్చుంటే ప్రాణం పోయేంత నొప్పి. ఆవిడ పడుకునే నాలుగు ఊళ్ళు తిరిగి రావాలని ఆయన ఆలోచన. పడుకున్న మనిషికి ఆకాశం కనబడాలని కప్పు కోసి పాత బస్సు కిటికీ అద్దం బిగించాడు. జీపు వైపు గోడకు ఒక చిన్న కిటికీ పెట్టాడు. నొప్పి వస్తే చెప్పడానికి, ఆవిడ చేతికందేలా ఒక తాడు కట్టి, దాని రెండో కొస జీపులో డ్రైవరు పక్కన వేలాడదీసే గంటకు ముడివేశాడు.

మొదటిసారి నడిపి చూడడం ఆదివారం పొద్దున అనుకున్నారు. ముందురోజు సాయంత్రమే పెదనాన్న అరువు జీపు తెచ్చి ట్రైలర్ తగిలించేశాడు. వాటిని కలిపే చోట ఒక లావుపాటి మేకు, మేకు జారకుండా దాని కింద తీగతో చేసిన చిన్న క్లిప్పు. అచ్చం తలలో పెట్టుకునే పిన్నులా మెరుస్తోంది. అందరూ లోపలికి వెళ్ళాక నేను దాన్ని లాగేసి జడలో పెట్టుకున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అది దేనికుందో నాకు తెలియదు.

పొద్దున్నే పెద్దమ్మను ఎత్తి పరుపు మీద పడుకోబెట్టారు. తోడుగా నన్ను కూర్చోమన్నారు. బండి ఉతై ఊరి దారి పట్టింది. ఏడాది తర్వాత గుమ్మం దాటిన పెద్దమ్మ, అద్దంలోంచి చెట్ల కొమ్మలు వెనక్కి పోతుంటే చిన్నపిల్లలా నవ్వుతోంది.

రైలు గేటు దగ్గర ఆగాం. గేటుకాపరి వింతగా బండి చుట్టూ చూసి, "భయ్యా, ఇది ఊడిపోదు కదా?" అని హిందీలో అడిగాడు. పెదనాన్న సీట్లోంచే గర్వంగా, "ఎలా ఊడుతుంది? కింద క్లిప్పుంది. అది లేకపోతేనే మేకు ఎగిరిపోతుంది" అన్నాడు.

నా చెయ్యి జడ మీదికి పోయింది.

గేటు లేచింది. బండి కదిలింది. నేను అరవలేదు. ఎందుకు అరవలేదో తర్వాత చాలా ఏళ్ళు ఆలోచించాను. చచ్చిపోతామన్న భయం కంటే, నేనే తీశానని చెప్పాల్సి వస్తుందన్న భయం పెద్దదైపోయింది. ప్రతి గతుక్కీ కింద ఇనుము టంగుమనేది. ఇంకొంచెం దూరమే కదా, ఏమీ కాదులే అనుకుంటూ, దేవుడికి మొక్కుకుంటూ కూర్చున్నాను. తాడు నా ముఖం ముందే ఊగుతోంది.

"ఏటే, మొహం అలగైపోనాది? కడుపులో తిప్పుతోందేటి?" అంది పెద్దమ్మ. తలూపాను. ఆవిడ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "బయపడకు. మీ పెదనాన్న కట్టిన బండి. ఏటీ కాదు."

ఆ మాటతో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. జీపు వైపు కిటికీలోంచి చూస్తే ముందు రోడ్డు వాలుగా దిగుతోంది, కింద వాగు మీద గోడల్లేని వంతెన. బండి ఊడితే పెద్దమ్మ లేచి దూకలేదు. లేచి కూర్చోనైనా కూర్చోలేదు. రెండు చేతులతో తాడు పట్టుకుని లాగాను. బండి ఆగినా లాగుతూనే ఉన్నాను.

పెదనాన్న పరుగున వచ్చాడు. జడలోంచి క్లిప్పు తీసి చూపించాను. ఆయన వెనక్కి తిరిగి మేకు దగ్గర వంగాడు. నేనూ దిగి చూశాను. మేకు దాదాపు పైకి వచ్చేసింది, కొస మాత్రం ఇంకా రంధ్రంలో ఉంది. ఆయన దాన్ని కిందికి నొక్కి, నా చేతిలోని క్లిప్పు తీసుకుని దూర్చాడు. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఎప్పుడు తెలిసిందమ్మా నీకు?" అన్నాడు.

"గేటు కాడ."

ఆయన రోడ్డు పక్కన కూలబడ్డాడు. అక్కడి నుంచే అన్నాడు. "చెప్పినావు. అదే మేలు. ఇంకోసారి గేటు కాడే చెప్పీయాల. నేను తిడతానో కొడతానో, అది తరవాతి మాట." తర్వాత లోపలికి తొంగి, పెద్దమ్మతో జరిగిందంతా చెప్పి, "తప్పు నాదే. పొద్దున్న బయల్దేరే ముందు ఓపాలి సూసుకోవాల్సింది. సూసుకోలేదు" అన్నాడు. పెద్దమ్మ నన్ను దగ్గరకు లాక్కుని కళ్ళు మూసుకుంది.

ఆ మర్నాడే ఆయన ట్రైలర్‌కూ జీపుకూ మధ్య రెండు గొలుసులు వేశాడు. ఆ తర్వాత ఎప్పుడు బయల్దేరినా నన్ను పిలిచి, కింద వంగి చూడమని, నేను సరే అన్నాకే జీపు ఎక్కేవాడు. అంత తప్పు చేసినదాన్ని అంత నమ్మడం నాకు అర్థమయ్యేది కాదు. భయంభయంగానే, ప్రతిసారీ రెండుసార్లు చూసేదాన్ని.

పెద్దయ్యాక నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. ఒక మధ్యాహ్నం ఒక రోగికి ఇంకొకరి మందు ఇచ్చేశాను. గదిలో ఎవరూ లేరు, ఎవరూ చూడలేదు. చెప్పాలంటే భయమేసింది. అయినా తిన్నగా డాక్టరు దగ్గరికి నడిచి చెప్పేశాను. రోగి బతికాడు. ఆ రోజే కాదు, ఇప్పటికీ తప్పు ఒప్పుకోవాలంటే నాకు అంతే భయం. పెదనాన్న ఆ భయాన్ని పోగొట్టలేదు. భయపడుతూనే నోరు తెరవడం మాత్రం నేర్పాడు.