సేఫ్ మోడ్‌లో వచ్చిన కాగితం

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మావారు పోయాక నమ్మాలనిపించింది, ఉంటే ఒక్కసారి కనపడతారు కదా అని. అప్పుడూ నమ్మకం కుదరలేదు. ఇది చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మావారు గురజాలలో దస్తావేజు లేఖరి. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ఒక బల్ల, ఇంట్లో ఒక పాత కంప్యూటరు. ఆ పనిలో ఎవరూ దస్తావేజును మొదటినుంచీ కొట్టరు. పాతదాన్ని తెరిచి, పేర్లూ సర్వే నంబర్లూ హద్దులూ మార్చి కొత్తది చేస్తారు. ఏదో ఒకటి మార్చడం మరిచిపోతేనే ప్రమాదం.

మాచవరం రైతు యలమందయ్య పొలం కాగితాల్లో అదే జరిగింది. ఆ రోజు మావారు షుగరు పరీక్షలకు నరసరావుపేట వెళ్లారు. పక్క బల్ల సాంబశివరావు మా ఇంటికొచ్చి, మా కంప్యూటరులోనే ఆ దస్తావేజు కొట్టాడు. ఒకరు లేనప్పుడు ఇంకొకరు కొట్టిపెట్టడం వాళ్లిద్దరికీ ఏళ్ల అలవాటు. మర్నాడు మావారు దాన్ని చదవకుండానే లేఖరిగా సంతకం పెట్టారు.

తూర్పు హద్దు 'బండ్లబాట' అని ఉండాలి. 'లింగయ్య గారి నిమ్మతోట' అని పడింది. ఆ చుట్టుపక్కల నిమ్మతోటే లేదు. కాగితంలో బాట లేదు కదా అని పక్క పొలం ఆసామి దానికి అడ్డంగా కంచె వేశాడు. ఆ ఏడు యలమందయ్య మిరపకాయలు నెత్తిన మోయించుకోవలసి వచ్చింది. ఒకరోజు షెడ్డు ముందు, నలుగురిలో, మావారి చొక్కా పట్టుకున్నాడు.

సాంబశివరావు అక్కడే ఉన్నాడు. ఆ దస్తావేజు తాను కంటితో కూడా చూడలేదన్నాడు. పెద్దాయనకు చూపు తగ్గింది, ఏం చేస్తాం అని కూడా అన్నాడట. మావారు గుండీ తెగిన చొక్కాతో ఇంటికొచ్చారు. సంతకం నాదే కదా, వాడు పిల్లలున్నవాడు, పోనీ అన్నారు. అంతే. పంతొమ్మిదో రోజున గుండె ఆగింది.

రైతుకు బాట లేకుండా చేసిన లేఖరి అనే పేరుతో పోయారు. ఆ పేరు చెరిపేయాలని నాకుండేది. నిజం చెప్పాలంటే, అంతకంటే ఎక్కువగా సాంబశివరావు తల వంచుకోవడం చూడాలని ఉండేది.

పెద్దకర్మ అయ్యాక ఆ ఫైలు కోసం కంప్యూటరు పెట్టాను. సేఫ్ మోడ్‌లో తెరుచుకుంది. అంటే ఏదో తేడా చేసి, అరకొరగా మాత్రమే పనిచేయడం. నల్లటి తెర, నాలుగు మూలలా ఆ రెండు మాటలు. ఎన్నిసార్లు ఆపి మళ్లీ పెట్టినా అంతే. మెకానిక్ బాజీ ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాడు. లోపలి బ్యాటరీ మార్చాడు. సెట్టింగులన్నీ చూశాడు. అతని షాపులో మూడుసార్లు మామూలుగా తెరుచుకుంది. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ సేఫ్ మోడ్. ప్లగ్గు మార్చాం, తీగలు మార్చాం. ఫైళ్లు కూడా ఇద్దరం కూర్చుని వెతికాం. నిమ్మతోట అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు. కొట్టినవాడే చెరిపేసి ఉంటాడనుకున్నాను.

బాజీ ఇంకా ఇంట్లో ఉండగానే, ఉదయం పదకొండు గంటలకు, సాంబశివరావు వచ్చాడు. మావారి పాత నమూనాలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటానన్నాడు.

"అన్నయ్య పేరు చెప్పుకుని వాడుకుంటాలే వదినా."

మావారి కుర్చీలో కూర్చున్నాడు. సేఫ్ మోడ్‌లో ప్రింటరు పనిచేయదు, కాపీ మాత్రం చేసుకోండని బాజీ చెప్పాడు. సాంబశివరావు పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని ఉండగానే ప్రింటరు కాగితాన్ని లోపలికి లాక్కుంది. ఎవరూ ఏమీ నొక్కలేదు.

ఒకే పేజీ వచ్చింది. ప్రింటరు పక్కన ఉన్నది నేను, నేనే తీశాను. సాంబశివరావు అచ్చంపేటలో సొంతానికి కొనుక్కున్న పొలం దస్తావేజు అది. కొన్నవారు, అతని పేరు. తూర్పు, లింగయ్య గారి నిమ్మతోట. తన పొలం కాగితాన్ని తెరుచుకుని దానిమీదే యలమందయ్యది కొట్టాడు. తూర్పు మార్చడం మరిచాడు.

"అదేందో పాతది వదినా. ఇటియ్యి."

నేను మడిచి పిడికిట్లో పెట్టుకున్నాను.

"పోయినోళ్లని కదిలించటం చానా తప్పు వదినా."

"నేను కదిలించలేదు సాంబశివరావూ. నువ్వే వచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నావు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మాచవరం వెళ్లాను. యలమందయ్యకు చదువు రాదు. ఆయన కూతురు వాళ్ల దస్తావేజునూ నేను తెచ్చిన పేజీనీ పక్కపక్కన పెట్టుకుని చదివి వినిపించింది. తిరుగు బస్సులో నేనూ యలమందయ్యా గురజాల వచ్చాం. షెడ్డులో, మునుపు చూసిన నలుగురి ముందే, ఆ కాగితాలు చూపించేసరికి సాంబశివరావు ఒప్పుకున్నాడు.

"నీవల్ల గదరా ఆ పెద్దమనిషి చొక్కా పట్టుకున్నా" అన్నాడు యలమందయ్య. కొట్టలేదు. కూలబడి ఏడ్చాడు.

సవరణ దస్తావేజు అయింది, కంచె తీశారు. సాంబశివరావు బల్ల దగ్గరికి ఇప్పుడెవరూ పోరు. అతని భార్య వచ్చి, నలుగురికీ ఒక్కమాట చెప్పక్కా, మళ్లీ పని ఇస్తారు అని బతిమాలింది. మంచినీళ్లిచ్చాను. ఆ మాట ఇవ్వలేదు. ఇవ్వనందుకు బాధా లేదు.

ఎప్పుడో ఆగిపోయిన ప్రింటు బయటికొచ్చి ఉంటుందని బాజీ అన్నాడు. మళ్లీ, సేఫ్ మోడ్‌లో అదీ రాదమ్మా అని తనే అన్నాడు. ఆ పేజీ ఫైలు మాకు ఇప్పటికీ దొరకలేదు. కంప్యూటరు ఇప్పటికీ సేఫ్ మోడ్‌లోనే తెరుచుకుంటుంది. తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా ప్రింటరు కదల్లేదు.

మీ ఆయనే పగ తీర్చుకున్నాడని షెడ్డులో వాళ్లంటారు. అది మాత్రం నేను ఒప్పుకోలేను. ఆయనతో ముప్పై ఏళ్లు బతికాను. ఆ గదిలో ఆయనే ఉండి ఉంటే ఆ కాగితం బయటికి రానిచ్చేవారు కాదు. సాంబశివరావు కంటే ముందు తనే చించేసేవారు.

ఆ రోజు ఆ గదిలో పగ ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. కాగితం బయటికొచ్చేదాకా నేను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను, దేన్నీ ముట్టుకోలేదు. ఇంతకు మించి నాకు తెలియదు.