వాన లేని రోజు మట్టి వాసన

దయ్యాల కబుర్లు ఎవరైనా ఎత్తుకుంటే నవ్వేసి లేచి వెళ్ళిపోయే రకం నేను. విజయనగరంలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. రోగుల రక్తం, చీములోని బాక్టీరియాను ప్లేట్లలో పెంచి, అదేమిటో కనిపెట్టడం నా ఉద్యోగం. కంటికి కనిపిస్తేనే నమ్ముతాను.

ఆ ఎండాకాలం మా చీపురుపల్లి మేనత్తను మా ఆసుపత్రిలోనే చేర్చారు. రెండేళ్ళ కిందట మావయ్య ఆమెకు తన కిడ్నీ ఇచ్చాడు. ఒళ్ళు దాన్ని తోసెయ్యకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు రోజూ మింగాలి. మట్టి పనికి వెళ్ళొద్దని డాక్టర్లు మరీమరీ చెప్పారు. వింటే ఆమె మా అత్తెందుకవుతుంది? వేరుశనగ తీతకు వెళ్ళి, కాయలు దులిపి, దుమ్మంతా పీల్చి వచ్చింది.

కొన్ని వారాలకు తలనొప్పి మొదలైంది. తర్వాత కుడిచెయ్యి పడిపోయింది, మాట ఆగిపోయింది. స్కాన్ చేస్తే మెదడులో చీముగడ్డ. ఇచ్చిన మందులేవీ పనిచెయ్యలేదు. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి తీసిన చీము నా చేతికొచ్చింది, ప్లేట్ల మీద పూసి పెట్టాను. అందులో ఏముందో తెలిస్తేనే అత్త బతుకుతుంది.

మా ల్యాబ్‌లో రెండు రోజులు చూసి, ఏమీ పెరగకపోతే ప్లేట్లు పారేసే అలవాటు. మూడో రోజు పొద్దున పదకొండింటికి చూశాను. ఏమీ లేదు. ప్లేట్లు తీసుకుని పారేసే బుట్ట వైపు తిరిగాను.

అప్పుడొచ్చింది తొలకరి మట్టి వాసన. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. నాతో పనిచేసే సరోజను అడిగాను.

"ఏటి వాసన? నాకేటీ రాలేదు. ముందు నువ్వెల్లి టీ తాగి రా," అంది.

ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు. ప్లేట్లు మళ్ళీ ఇంక్యుబేటర్‌లో, అవి పెరిగే వెచ్చటి పెట్టెలో, పెట్టేశాను.

ఐదో రోజు సుద్దపొడి రాలినట్టు తెల్లటి చుక్కలు! తలుపు తియ్యగానే అదే వాసన. ఈసారి మా ల్యాబ్ పెద్ద డాక్టరు మేడమ్‌కీ వచ్చింది. "నోకార్డియా! మట్టిలో ఉండే బాక్టీరియా, నిదానంగా పెరుగుతుంది, మట్టి వాసనే వేస్తుంది. పారెయ్యకుండా ఎలా ఉంచావమ్మా?" అని వీపు తట్టారు. ఆ రోజే మందులు మార్చారు.

రెండు వారాలకు అత్త నోరు విప్పి మావయ్యను తిట్టింది. ఆయన ఆనందంతో ఏడ్చాడు. నేను ల్యాబంతా స్వీట్లు పంచాను.

ఇంటికి వెళ్ళే రోజు మావయ్య ఒక మాట చెప్పాడు. "ఒసే అమ్మీ, అన్ని రోజులు పలకనిది, తలకి బెజ్జమెట్టిన మూడోనాడు పదకొండింటికి ఒక్కపాలి కళ్ళు తెరిసింది. వానొస్తన్నాది, సెనక్కాయలు లోపలెట్టండి అన్నాది. మల్లీ కళ్ళు మూసీసింది. నర్సమ్మ రాసింది కూడా, కావాలంటే సూడు."

వెళ్ళి చూశాను. నర్సు కాగితంలో ఉంది. నేను ప్లేట్లు పారెయ్యబోయిన రోజే, పొద్దున పదకొండు గంటలు.

పెరిగాక వాసన రావడం సైన్సు, ఒప్పుకుంటాను. ఏమీ పెరగని ప్లేట్ల దగ్గర నాకెందుకొచ్చిందో, పై అంతస్తులో మంచం మీదున్న అత్తకు అదే గంటలో ఏ వాన కనిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

అత్తకిప్పుడు ఆ చీముగడ్డకిచ్చిన మాత్రలు కూడా అయిపోయాయి. ఆ వాన సంగతి అడిగితే, గ్లౌజుల చేతులతో కాయలు వలుస్తూ కసురుకుంటుంది.

"సెనక్కాయలు తడిసినాయేటే? లేదు గదా! మరింకేటి నీ బాధ?"