మూడో ఫ్యూజు

1999 పత్తి సీజనులో నేను గుంటూరు దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుని. ఏడో తరగతితో చదువు ఆగినా, బ్రాడీపేటలో పాత పుస్తకాలు కొనుక్కుని చదివి లైసెన్సు పరీక్ష ప్యాసయినవాణ్ణి. ఆ ఏడే శ్రీధర్ గారనే ఇంజనీరు కొత్తగా చేరారు. పని చేత్తో నేర్చుకుంటానన్నారు. సంతోషమే. కానీ ఎవరి దగ్గర? నేను ఎదురుగా ఉండగా, నేను మోటారు వైండింగ్ నేర్పిన, నా కింద పనిచేసే మస్తాన్ దగ్గర! నేను ‘ఒరేయ్’ అనే మనిషిని ఆయన ‘మస్తాన్ గారూ’ అనేవారు. నాకు ఒళ్లు మండేది.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. మోటారు విప్పేవాడు మెయిన్ బోర్డులో ఫేజుకొకటి చొప్పున ఉండే మూడు పింగాణీ ఫ్యూజులూ ఊడదీసి తన జేబులో వేసుకోవాలి. ఎవడైనా పొరపాటున స్విచ్చి వేసినా కరెంటు రాదు. శ్రీధర్ గారు మోటారు విప్పిన మొదటి రోజే ఆ మూడూ మస్తాన్ చేతిలో పెట్టారు. తర్వాత మస్తాన్ కూడా తనవి ఆయనకివ్వడం మొదలుపెట్టాడు. ఇదేం పద్ధతని గట్టిగానే అడిగాను. ఇద్దరూ నవ్వారు.

ఒక మధ్యాహ్నం బేళ్ల ప్రెస్సు మోటారు ఆగింది. మస్తాన్ దాని కింద దూరి లీడు వైర్లు బిగిస్తున్నాడు. గేటు బయట పత్తి లారీలు బారులు తీరాయి. ఓనరు గారు వచ్చి ఇంజనీరు మీద అరిచారు.

“అయిపోవచ్చిందంటున్నాడుగా, పెట్టేయవయ్యా ఫ్యూజులు! రేపట్నుంచి రావాలని ఉందా లేదా?”

“ఇవి మస్తాన్ గారివండి. ఆయన బయటికొచ్చి అడిగితేనే ఇస్తాను. రావద్దంటే మానేస్తాను.”

“ఓనరు గారూ, మీరూ ఓ చెయ్యి వెయ్యండి, తొందరగా అవుద్ది,” అన్నాడు మస్తాన్ మోటారు కిందనుంచి.

ఆయన తిట్టుకుంటూ వెళ్లిపోయారు. నేను చూస్తూ నిలబడ్డాను. నా సర్వీసులో ఎంతమంది ఇంజనీర్లు! కుర్చీలోంచి ‘అయిందా మేస్త్రీ?’ అన్నవాళ్లేగానీ, నా కోసం ఉద్యోగానికి తెగించినవాడు ఒక్కడు లేడు. మస్తాన్‌కి దొరికాడు.

తర్వాతి వారం పత్తి గింజలు తీసే జిన్ను మోటారు విప్పడం నా వంతయింది. ఫ్యూజులు ఊడదీయగానే శ్రీధర్ గారు చెయ్యి చాచారు. రెండిచ్చాను. మూడోది నా జేబులో వేసుకున్నాను.

“ఏంటి గురువు గారూ, రెండు ఫేజులొచ్చినా పోతాంగా! ఆ ఒక్కటీ దాచుకుని ఏం లాభం?” అన్నాడు మస్తాన్.

“నాకు తెలీదేంట్రా? నోర్ముయ్,” అని మోటారు మీదకి వంగాను.

ఫ్యూజులు జేబులోనే ఉండాలని ఇప్పటికీ వాదిస్తాను. ఆ జేబు ఎవరిదన్నది డిగ్రీని బట్టీ సర్వీసును బట్టీ తేలదని ఆ సీజనులో నేర్చుకున్నాను. నాకంటే ముందు మస్తాన్‌కి తెలియడమే ఇంకా మింగుడుపడదు.