గోలు ముందు గుమ్మడికాయ

ఆ రోజుల్లో భయం రెండు రకాలు. అడవిలో తుపాకులతో తిరిగే కమ్యూనిస్టులంటే ఒక భయం, వాళ్ళకి మేమెక్కడ అన్నం పెట్టేస్తామోనని మమ్మల్ని కాపలా కాసే సర్కారంటే ఇంకో భయం. మా రబ్బరు తోటలో కూలీల ఇళ్ళ వరసల చుట్టూ ముళ్ళకంచె వేశారు. దానికి ఒకటే గేటు. గేటు దాటి తినే వస్తువు ఏదీ బయటికి పోకూడదు. మలయాలో దీనికి ఎమర్జెన్సీ అని పేరు. (గేటు మీద బోర్డులో ఏదో రాసి ఉండేది. అప్పుడు నాకు చదవడం రాదు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకుని చదువుదామంటే బోర్డు లేదు.) పొద్దున్నే రబ్బరు పాలు గీయడానికి వెళ్ళేవాళ్ళం ఇవతలే తినేసి పోవాలి. వాళ్ళు వెతకలేని సంచి మా పొట్ట ఒక్కటే. అంత పెద్ద సామ్రాజ్యం మా చద్దన్నం మూటకి భయపడిందంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు నవ్వి ఉంటే నోరు తెరిపించి అందులోనూ వెతికేవారు.

ఆ గేటుకి అధికారి రష్యా దొర. అసలు పేరు పలికితే నోట్లో పోకచెక్కలు పోసుకున్నట్టుండేది గనక ఆ పేరు మేము వాడలేదు. చిన్నప్పుడు రష్యాలో రాజుని దింపేస్తే ఇంటిల్లిపాదీ షాంఘైకి పారిపోయారట. అక్కడ ఫుట్‌బాల్‌లో బ్యాకుగా, అంటే గోలు ముందు అడ్డంగా నిలబడేవాడిగా పెద్ద పేరట. తరవాత అక్కడికీ కమ్యూనిస్టులొచ్చారు. ఆయన మలయాకొచ్చాడు. తీరా చూస్తే మా అడవిలోనూ వాళ్ళే. ("పాపం, ఈయన్నే ఎతుక్కుంటూ వస్తన్నారేటి?" అనేది మా అవ్వ.) తెల్లవాడే గానీ తెల్లవాళ్ళ క్లబ్బులో ఆయనకి కుర్చీ వేసేవారు కాదు. అందుకని సాయంత్రాలు మా కుర్రాళ్ళని పోగేసి జట్టు కట్టి, దానికి మేనేజరయ్యాడు.

మేనేజరైనా ప్రాణం మాత్రం బ్యాకుదే. పదకొండు మందికీ ఒకటే పాఠం: గోలు ముందు నిలబడండి, కదలకండి. మా బావ గోల్‌కీపరు. (మేనత్త కొడుకు. తరవాత నా మొగుడయ్యాడు, ఆ హాస్యం వేరు.) "దొరా, ముందర పదిమంది నిలబడిపోతే నాకు బంతి అవుపడదే!" అని బావ మొత్తుకునేవాడు. దొర మా తెలుగూ అరవమూ మలాయీ ఒకే గిన్నెలో కలిపి, "నీకు తెరియాదు, వాళ్ళకీ తెరియాదు. బాగుస్ లా!" అని భుజం తట్టేవాడు. తెరియాదు అంటే అవుపడదు అని, బాగుస్ అంటే భేష్ అని. అలా మా జట్టు ఒక్క ఆటా ఓడలేదు, ఒక్క ఆటా గెలవలేదు. ఆట చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు ఒకరికొకరు పేలు చూసుకుని ఇళ్ళకి పోయేవారు.

ఇంతలో మెర్డెకా, అంటే స్వతంత్రం, వస్తోందన్నారు. దొరలు సామాన్లు సర్దుకుంటున్నారు. మా తోట పెద్ద దొర, అసలు సిసలు ఇంగ్లీషువాడు, రష్యా దొరని పిలిచి ఇక నీతో పని లేదన్నాడట. పోవడానికి ఈయనకి దేశమేదీ? బతిమాలితే పెద్ద దొర సరదాపడి ఒక పందెం పెట్టాడు: మెర్డెకా కప్పులో పక్క తోట మీద గెలిస్తే ఉండొచ్చు, లేకపోతే వెళ్ళిపోవాలి. (ఒక మనిషి బతుకు మీద సరదాపడే హక్కు వాళ్ళు స్వతంత్రంతో పాటు ఇచ్చేసి పోయారో, వెంట పట్టుకుపోయారో నాకింకా తెలీదు.)

మాకూ ఆయన ఉండటం కావాలి. ఆయన రాకముందు గేటు దగ్గర ఆడవాళ్ళ ఒంటిని మగ సిపాయిలే తడిమేవారు. ఈయన వచ్చీ రాగానే వాళ్ళని తప్పించి, మక్‌చిక్ అని మేం పిలిచే మలాయీ పెద్దావిడని పెట్టాడు. దొర పోతే మళ్ళీ ఆ చేతులే. అందుకని మా ఇళ్ళ లైన్లన్నీ ఏకమయ్యాయి. ఆ వారమంతా దొర మావాళ్ళకి గోలు కొట్టడం నేర్పబోయాడు. ఆయనకే రాదు.

అవ్వ తేల్చేసింది. "ఇది ఆట తప్పు కాదే అమ్మీ. దిష్టి. ఆళ్ళ గోలు ముందర బూడిద గుమ్మడికాయ కొట్టాల."

"మైదానం కంచె అవతలుంది గదే అవ్వా. కాయ గేటు దాటితే జైలే!"

"కూర కాయకి గదే జైలు? ఇది దిష్టి కాయ!"

ఈ తేడా ఏ కోర్టులో చెప్పుకోవాలో తెలియక, బంతులు మోసే గోనెసంచిలో కాయని కూడా వేసి నెత్తిన పెట్టుకున్నాను. గేటు దగ్గర మక్‌చిక్ సంచి బయటినుంచే తట్టింది. బంతులు మెత్తగా పలికాయి. కాయ పలకలేదు.

"ఇది ఇంత గట్టిగా ఉందేం లా?"

"కొత్త బోలా మక్‌చిక్. దొర గాలి ఎక్కువ కొట్టించినాడు."

ఆవిడ సంచిని నా నెత్తిన సరిగ్గా సర్దింది. "గాలి పోకముందే తీసుకుపో" అంది.

అవ్వ కాయకి కన్నం పెట్టి, కుంకం పోసి, కర్పూరం వెలిగించి, పక్క తోటవాళ్ళ గోలు ముందు బద్దలు కొట్టింది. కొట్టిన దిష్టిని తొక్కకూడదని మా తోటకీ తెలుసు, పక్క తోటకీ తెలుసు. ఆ ముక్కలు ఊడవడానికి ఒక్కడూ రాలేదు. రిఫరీ కిరాణి, అంటే గుమాస్తా. ఇంగ్లీషు చదివినవాడు. ఆయనా అటు చూడకుండానే విజిల్ వేశాడు. మొదటి సగం ఎప్పటిలాగే గడిచింది, గోల్లేవు. అప్పుడు జట్లు వైపులు మారాయి.

సగం ఆటకి వైపులు మారతారని మా అవ్వకి తెలీదు.

"అవ్వా, ఏటి సేసినావే! నానిప్పుడు ఎక్కడ నిలబడాల?" అని బావ కేకేశాడు.

"ఇళ్ళు మారిపోతారని నాకేటి తెలుసురా! దాన్ని తొక్కినావంటే నీకు పెళ్ళి కాదు, సూసుకో!"

బావ ఒకసారి నావైపు చూసి, గోలు వదిలేసి ముందుకి పరిగెత్తాడు. వెనకే మిగతా పదిమందీ. ఎన్నడూ మైదానం నడిమి గీత దాటని మా జట్టు మొత్తం అవతలివాళ్ళ గోలు మీద పడింది. దొర గీత బయటినుంచి "వెనక్కి! వెనక్కి!" అని నెత్తి బాదుకున్నాడు. ఆ కేకలకి మావాడొకడు వెనక్కి తిరిగాడు, ఎవరో కొట్టిన బంతి వాడి వీపుకి తగిలి గోల్లోకి పోయింది. అదే మా జట్టు మొదటి గోలు.

ఇక ఆట అయిపోతుందనగా, పక్క తోటలో చిరుత అని పిలిచే కుర్రాడు బంతి లాక్కుని ఒక్కడే దూసుకొచ్చాడు. మా గోల్లో పురుగు లేదు. వచ్చినవాడు ముక్కలు చూసి పాముని చూసిన ఎద్దులా ఆగిపోయాడు. బంతి దొర్లుకుంటూ పోయి ముక్కల మధ్య చిక్కుకుంది. ఇంకెవడు ముట్టుకుంటాడు? వాళ్ళూ నిలబడ్డారు, మేమూ నిలబడ్డాం. కిరాణి గడియారం చూసుకుంటున్నాడు. అందరం అలా నిలబడి ఉంటే గెలుపు మాదే.

దొరకి ముక్కలు కనబడలేదు. గోలు ముందు బంతి, అడ్డుగా మనిషి లేడు, అదొక్కటే కనబడింది. యాభై ఏళ్ళ మనిషి బూట్లతో గుమ్మడికాయనంతా నుజ్జుచేసుకుంటూ వచ్చి తన్నాడు చూడండి, బంతి రబ్బరు చెట్ల మీదుగా పోయింది. అలాంటి దెబ్బ మా తోటలో ఎవరూ చూడలేదు. రెండు తోటలూ చప్పట్లు కొట్టాయి. అప్పుడు పెద్ద దొర కుర్చీలోంచి లేచాడు. మేనేజరు మైదానంలోకి దిగితే ఆ జట్టు ఓడినట్టే అన్నాడు. ఆ నియమం ఎక్కడుందో ఎవరూ అడగలేదు. కుర్చీ ఆయనది.

"ఒక్క చణం ఊరుకోలేకపోనావా నాయనా!" అని అవ్వ ఏడ్చింది.

"గోలు ముందు బంతి ఉంది, అవ్వా," అన్నాడు దొర. "ఎవరూ లేరు."

మెర్డెకా జెండా ఎగిరాక ఆయన జార్జ్ టౌన్‌లో ఓడ ఎక్కడానికి లారీలో బయల్దేరాడు. ఏ ఊరు వెళ్తావని అవ్వ అడిగింది. దిగనిచ్చిన ఊరికి అన్నాడు. "మాదీ ఏ దేశమో సెప్పమని కొత్త సర్కారోళ్ళు అడుగుతున్నారు దొరా," అంది అవ్వ. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. మర్నాడు గేటు దగ్గర మక్‌చిక్ లేదు.

ఇప్పుడు సుంగై పెటానిలో మా ఇంట్లో మనవలు టీవీలో ఫుట్‌బాల్ పెడతారు. నేను ఆటగాళ్ళని చూడను, గీత బయట కోటు వేసుకుని గంతులేసే మేనేజర్లని చూస్తాను. మొన్నొక తలనెరిసిన మేనేజరు, జట్టు గెలుస్తూ ఉండగానే గీత దాటి ఒక కాలు లోపల పెట్టాడు. "ఆగు దొరా, ఆగు!" అని అరిచాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. మెర్డెకా వచ్చి ఇన్నేళ్ళయింది, ముసలిదాన్నయ్యాను, ఇంకా నా నోటికి దొర అనే వస్తుంది చూడండి.