పొయ్యి మీది పథ్యం

మైపాడుకు ఉత్తరంగా, సరుగుడు తోపుల వెనక ఉన్న ఆ పల్లెలో ఎవరికి జ్వరం తగిలినా, ఏ పిల్ల పురుడు పోసుకున్నా ముందు ఎలిశబెతమ్మ ఇంటికే కబురు వచ్చేది. డాక్టరు సంగతి ఆ తర్వాత. అలాగని ఆమెకు వైద్యం తెలుసా అంటే ఏమీ తెలియదు. ఆమె పొయ్యి మీద ఎప్పుడూ ఉప్పుకండలు వేలాడుతుండేవి, అంతే.

మాంసాన్ని సన్నగా, పొడుగ్గా పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ కారం దట్టించి ఎండబెడితే ఉప్పుకండలు. వేరే ఊళ్లలో ఆ పని ఎండే చూసుకుంటుంది. సముద్రం పక్కన బతికేవాళ్లకు ఆ సుఖం లేదు. వాయుగుండాల కాలంలో సూర్యుడు అలిగి కూర్చుంటాడు, ఈగలు మాత్రం అలగవు. అందుకని ఎలిశబెతమ్మ అత్త రోజుల నుంచీ ఆ ఇంట్లో పొయ్యి మీద తీగ కట్టి, కింద పచ్చి సరుగుడు కొమ్మలు రాజేసి, పొగలోనే ఆరబెట్టేవారు. నల్లగా బిగిసిపోయిన ముక్కను మళ్లీ నిప్పుల మీద చిటపటమనేదాకా కాల్చి, గంజిలో నంజుకోవాలి. జ్వరం దిగినవాడికి అదే పథ్యం, బాలింతకు అదే, కడుపు చెడి పడుకున్నవాడికీ అదే. పచ్చి మాంసం వాతం చేస్తుందట, పొగ పట్టింది చెయ్యదట. ఎవరు చెప్పారని అడగకండి. అందరూ చెప్పారు.

భర్త ముత్యాలయ్యకు ఛాతీ కింద మంట మొదలైనప్పుడు కూడా ఆమె ఆ పథ్యమే పెట్టింది. వలలు లాగే మనిషి, జలుబుకు కూడా పడుకుని ఎరగడు. "ఇది తింటేనే కాస్త తగ్గుతా ఉండాది మ్మే" అనేవాడు. ఆమె సంబరంగా ఇంకో ముక్క నిప్పుల్లోకి తోసేది. రానురాను అన్నం సయించలేదు, గంజి కూడా కడుపులో నిలవలేదు. నెల్లూరు తీసుకుపోయేసరికి కడుపులో పుండు ముదిరిపోయిందన్నారు. ఏం పుండో, ఎందుకొచ్చిందో ఆమె అడగలేదు. అడగాలని తోచనే లేదు. సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, పథ్యం ఇంకాస్త ముందు మొదలుపెట్టి ఉంటే మనిషి దక్కేవాడేమోనని కుమిలిపోయింది.

ఈ వానల్లో ఆ మంట ఆమెకే వచ్చింది.

కూతురు అబిగయీలు పురిటికి వచ్చి ఉంది. పసిబిడ్డతో ఉన్న పిల్లను బెదరగొట్టడం ఎందుకని ఎలిశబెతమ్మ ఎవరికీ చెప్పలేదు. కూతురికి కాల్చిపెట్టే ముక్కల్లోనే తనకూ రెండు వేసుకుని, మిగతావన్నీ మానేసి నిష్ఠగా పథ్యం పట్టింది. చీర కుచ్చిళ్లు వదులైపోయాయి. విరేచనం తారులా నల్లగా అవుతున్నా నోరు విప్పలేదు. ఒకరోజు చర్చిలో పాట మధ్యలో కళ్లు తిరిగి కూలబడింది. పక్కింటి పేరమ్మ ఇక ఊరుకోలేదు. తిట్టి, ఆటో ఎక్కించి నెల్లూరు తీసుకుపోయింది.

ఆసుపత్రిలో నోట్లోంచి గొట్టం పంపి చూశారు. లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. అది తేలిన రోజు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఏం తింటున్నారమ్మా ఈ మధ్య?"

"పథ్యమేనమ్మా. ఇంకేం ముట్టుకోవడంలా" అంది ఎలిశబెతమ్మ. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది.

"ఏం పథ్యం?"

"ఉప్పుకండ. పొగలో ఆరబెట్టింది. నిప్పుల మీద కాల్చుకోని గంజిలోకి."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "ఎన్నాళ్ల నుంచి?"

"ఈ ఇంటికి కోడలుగా వచ్చినకాడి నుంచీ."

"కడుపులో క్యాన్సర్ వచ్చిందమ్మా. ఆపరేషన్‌కు వీలుందో లేదో ఇంకా చూడాలి. ఇదొక్కటే కారణమని నేను అనలేను. కానీ ఏళ్ల తరబడి అంత ఉప్పూ, ఆ పొగా, మాడిన ముక్కలూ కడుపుకు మంచివి కావు. ముందు అది మానండి. ఇంట్లోవాళ్ల చేత కూడా మాన్పించండి" అని, మళ్లీ అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?"

ఎలిశబెతమ్మకు ముత్యాలయ్య నోరు కనిపించింది. ఆఖరి రోజుల్లో నమలలేకపోతుంటే ముక్కను రోట్లో దంచి, గంజిలో కలిపి, తన చేత్తోనే తాగించింది. వద్దని తల తిప్పుకుంటే గడ్డం పట్టుకుని మరీ పోసింది.

"మా ఆయనకి... పుండన్నారు" అంది.

తిరుగుదారిలో పేరమ్మ ధైర్యం చెబుతూనే ఉంది. ఎలిశబెతమ్మకు ఒక్కటీ చెవికెక్కలేదు. తన ప్రాణం గురించి దిగులు పడటానికి చాలా టైముంది. ఇప్పుడు కావలసింది ఆ తీగ తెంపడం. తెంపి, ఉన్నవన్నీ సముద్రంలో పారేయాలి. ఆటో ఎంత వేగంగా పోతున్నా ఆమెకు నత్తనడకలా ఉంది.

ఇల్లు ఇంకా కనబడకముందే తోపుల మీదుగా సరుగుడు పొగ వాసన వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా వంటింట్లోకి ఉరికింది. అబిగయీలు పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో బిడ్డ, పక్కన గంజి గిన్నె, చేతిలో పొగలు కక్కుతున్న ముక్క.

"నువ్వు లేవని నేనే కాల్చుకున్నా మా. డాక్టరు ఏం చెప్పినారు?"

"పారెయ్ మ్మే అది. ముందు పారెయ్!"

"ఎందుకు మా అట్టా అరస్తావు, బిడ్డ ఉలిక్కిపడతాడు. నాకు ఛాతీ కింద ఒకటే మంట. ఇది తింటేనే కాస్త తగ్గుతా ఉండాది."

ఎలిశబెతమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"మంటా? చాన్నాళ్లయింది" అంది అబిగయీలు, ముక్క కొరుకుతూ. "నువ్వు నాయనకి కాల్చి పెట్టేటప్పుడు పక్కన నేనూ కూచోని తినేదాన్ని కదా. అప్పటి నుంచే."