పిండి లేని రొట్టె చప్పుడు

నిన్న జహీరాబాద్ రోడ్డు పక్కన ఒకామె జొన్నరొట్టె కొడుతుంటే ఆగిపోయాను. మన ఈడు వాళ్లకు ఆ చప్పుడు గుర్తుందా? నిజాం చివరి లడాయిలో మా ఊరి మగవాళ్లంతా షోలాపూర్ వైపు తప్పించుకుపోయారు. ఇన్ని రొట్టెల చప్పుడు వింటే ఇంటినిండా మగవాళ్లున్నారనుకుని, ఊళ్లమీద పడే లూటీగాళ్లు జంకాలి. అందుకే పొద్దుగూకగానే ఆడవాళ్లు ఇంటింటా ఒక్కసారే రొట్టెలు కొట్టేవారు. పిండి అయిపోయాక అమ్మ ఉత్త పీటనే కొట్టేది. నేను పళ్లెం పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని.

"రొట్టేదే అమ్మా?"

"జర ఆగు బిడ్డా. మనింట్ల చప్పుడు ఆగితే ఊరంత ఆగమైతది."

అరచేతులు వాచినా ఆపేది కాదు.

నిన్న ఆ రోడ్డు పక్కనామె నా పళ్లెంలో వేడి రొట్టె వేసి చేతులు దులుపుకుంది.

"ఆపకు బిడ్డా, జర కొడుతనే ఉండు" అన్నాను.