షేర్లుగా మారని బాండ్లు

ఘాజియాబాద్‌లో కేబుళ్లు తయారుచేసే ఒక కంపెనీలో నేను అకౌంట్స్ చూసేదాన్ని. మా ఫైనాన్స్ హెడ్‌ది కాకినాడ. అందరితో హిందీ, నాతో మాత్రం తెలుగు. రెండో ఫ్యాక్టరీ కోసం ఆయనే విదేశాల్లో బాండ్లు అమ్మి డబ్బు తెచ్చారు. గడువులోగా మా షేరు ధర పెరిగితే బాండ్లు కొన్నవాళ్లు వాటికి బదులు షేర్లు తీసుకుంటారు. లేకపోతే అసలూ, దానిపైన ప్రీమియమూ మేం కట్టాలి. షేరు పరుగులు తీస్తున్న రోజులవి. ఆ ప్రీమియాన్ని మేం ఖర్చులో చూపనేలేదు.

రెండువేల ఎనిమిదిలో మార్కెట్ కూలింది. షేరు నేలకంటింది. రూపాయి కూడా పడి, డాలర్ల బాకీ ఇంకా బరువెక్కింది.

ఆడిట్‌కి వచ్చినావిడ మెల్లగానే అడిగింది: "సర్, ఈ ధరకి షేర్లుగా కన్వర్ట్ ఎవరు చేసుకుంటారు? ప్రీమియంతో సహా అప్పుగా చూపించండి."

ఆవిడ వెళ్లాక సార్ నా వైపు తిరిగారు. "చూపిస్తే మన నెట్‌వర్త్ తుడిచిపెట్టుకుపోద్దమ్మా. బ్యాంకు చేతులెత్తేస్తే కేబుళ్లకి రాగి దేంతో కొంటాం? నువ్వేమంటావ్?"

"చూపించక తప్పదండీ."

"సరే, వేసెయ్" అన్నారు. ఆ ఎంట్రీ నేనే వేశాను.

లెక్కలు చూసి బ్యాంకు అప్పివ్వడానికి వెనక్కి తగ్గింది. వానాకాలం వచ్చేసరికి గేటుకు తాళం పడింది. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె నా చెయ్యి పట్టుకుంది. "మషీన్ తో ఠీక్ హై, దీదీ. ఆర్డర్ భీ హై. ఫిర్ బంద్ క్యోఁ?" మిషన్లు బాగున్నాయి, ఆర్డర్లూ ఉన్నాయి, మరెందుకు మూశారని ఆమె ప్రశ్న. నాకు జవాబు తెలుసు.

తర్వాత నోయిడాలో ఇంకో ఉద్యోగం దొరికింది. ఒక ఉదయం మయూర్ విహార్ మెట్రో ప్లాట్‌ఫాం బెంచీ మీద సార్ కనిపించారు. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో టిఫిన్ డబ్బా.

"రామ్మా, ఆడిటర్లొచ్చే వేళైంది" అన్నారు.

సరదాకి అంటున్నారనుకుని నవ్వాను. రైలొచ్చింది. ఆయన లేవలేదు. ఇంతలో ఆయన భార్య ఆయాసపడుతూ వచ్చింది. "రోజూ ఇంతేనమ్మా. ఆఫీసు లేదంటే పసిపిల్లాడిలా ఏడుస్తారు."

సార్ నా ముఖంలోకి చూస్తూ గొంతు తగ్గించారు. "బాండ్లవాళ్లు షేర్లు తీసుకుంటామన్నారా?"

ఆమె కళ్లతోనే నన్ను బతిమాలింది.

"తీసుకుంటామన్నారండీ" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. "అయితే ఆ ఎంట్రీ తీసెయ్యమ్మా" అని, భార్య చెయ్యి పట్టుకుని బుద్ధిగా మెట్లు దిగిపోయారు.

మర్నాటి నుంచి చాలాకాలం నేను నోయిడాకి బస్సులోనే వెళ్లాను.